పట్టికలో ఉన్న వరుసలనే తేదీ మార్చి మళ్లీ చేర్చడం ఎలా?

పట్నంబజారు: మా మిర్చి కమీషన్ కొట్టు లెక్కలు మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో ఉన్నాయి. ధరల పట్టికలో తేజ, 334, 341, బ్యాడిగి... రకానికో వరుస. రోజూ కిందటి రోజు వరుసలనే చేర్చుకుని, మారిన ధరలు మాత్రం దిద్దుకుందామని ఆలోచన. సెలెక్ట్ (వరుసలు తీసే ఆదేశం) పక్కన నక్షత్రం గుర్తు (అన్ని కాలమ్‌లూ అని) పెట్టి ఇన్సర్ట్ (చేర్చే ఆదేశం) చేస్తే ‘డూప్లికేట్ ఎంట్రీ’ అంటోంది.

బెంజిసర్కిల్: నక్షత్రం పెడితే ఐడీ (వరుసను గుర్తించే అంకె) కూడా వెంట వస్తుందండీ. అది ప్రైమరీ కీ, ఉన్న అంకెను మళ్లీ ఒప్పుకోదు. ఐడీని వదిలేసి మిగతా కాలమ్‌లు పేరుపేరునా రాయండి:

ఇన్సర్ట్ ఇంటూ ధరలు (తేదీ, రకం, కనిష్ఠం, గరిష్ఠం)
సెలెక్ట్ కర్‌డేట్(), రకం, కనిష్ఠం, గరిష్ఠం
ఫ్రమ్ ధరలు వేర్ తేదీ = కర్‌డేట్() - ఇంటర్వల్ 1 డే;

కర్‌డేట్() అంటే ఈరోజు తేదీ. కొత్త ఐడీల సంగతి ఆటో ఇంక్రిమెంట్ (అంకెను తనంతట తానే పెంచే ఏర్పాటు) చూసుకుంటుంది.

అరండల్‌పేట: యార్డుకు శని, ఆదివారాలు సెలవు కదా! సోమవారం పొద్దున ఇది నడిపితే ఒక్క వరుసా పడదు, తప్పనీ చెప్పదు. నిన్నటి తేదీ బదులు (సెలెక్ట్ మ్యాక్స్(తేదీ) ఫ్రమ్ ధరలు), అంటే పట్టికలోని చివరి తేదీ, అని పెట్టండి. అప్పుడు ఇంకో చిక్కు: ఎవరైనా రెండోసారి నొక్కితే ఈరోజు వరుసలే రెట్టింపవుతాయి. తేదీ, రకం కలిపి యూనిక్ కీ (అదే జతను రెండోసారి రానివ్వని కట్టడి) పెడితే అక్కడే ఆగుతుంది.

బెంజిసర్కిల్: అవును, కీ ఉండాల్సిందే. కానీ దాని మీద ఇన్సర్ట్ ఇగ్నోర్ (తప్పు వచ్చినా ఆగకుండా చేర్చే ఆదేశం) వాడకండి. ఖాళీ ఒప్పుకోని ధర గడిలో నల్ (విలువే లేకపోవడం) వచ్చినా సున్నా వేసి ఊరుకుంటుంది.

సత్యనారాయణపురం: ధరల వరకు ఇది చాలు. అసలు తలనొప్పి ఆర్డర్లతో. మాది మందుల టోకు వ్యాపారం, వాడేది పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్. షాపులవాళ్లు ‘పోయిన నెలదే పంపండి’ అంటారు. ఆర్డరు ఒక పట్టికలో, అందులోని మందులు మరో పట్టికలో. ఆర్డరు వరుసకు నకలు తీస్తే దానికి కొత్త ఐడీ వస్తుంది. మందుల వరుసలేమో పాత ఐడీనే పట్టుకుని ఉంటాయి. ఒక్క ఆర్డరైతే రిటర్నింగ్ ఐడీతో (మైఎస్‌క్యూఎల్‌లో లాస్ట్_ఇన్సర్ట్_ఐడీ) కొత్తది తెలుసుకుని మందుల నకళ్లకు తగిలించవచ్చు. ఒకేసారి చాలా ఆర్డర్లయితే ఏ పాతదానికి ఏది కొత్తదో వచ్చిన వరుసక్రమాన్ని నమ్మి జతచేయకూడదు. మేము ఆర్డర్ల పట్టికలో ‘పాత_ఐడీ’ అనే కాలమ్ పెట్టి, దానితో రెండు పట్టికలను జతకలిపి (జాయిన్ చేసి) మందులను చేరుస్తాం. రెండు ఇన్సర్ట్‌లూ ఒకే ట్రాన్సాక్షన్‌లో (రెండూ పడాలి, లేదా రెండూ రద్దవ్వాలి) ఉండాలి, లేకపోతే మందులు లేని ఆర్డర్లు మిగులుతాయి.

పట్నంబజారు: వరుస చేర్చిన సమయం కాలమ్ కూడా ఉందండీ. దాన్నేం చేయాలి?

అరండల్‌పేట: డిఫాల్ట్‌గా కరెంట్_టైమ్‌స్టాంప్ (అప్పటి సమయం) ఉంటే ఐడీలాగే వదిలేయండి, కొత్త సమయం పడుతుంది. పట్టిక మీద ట్రిగ్గర్లు (వరుస చేరగానే వాటంతట అవే నడిచే ఆదేశాలు) ఉన్నాయేమో కూడా చూడండి, చేరే ప్రతి వరుసకూ నడుస్తాయి. రైతులకు ధర సందేశం పంపే ట్రిగ్గర్ ఉంటే, మీరు దిద్దకముందే పాత ధరలు వాళ్ల ఫోన్లకు చేరిపోతాయి.