చెరువు కట్ట కింద ఇల్లు: సెప్టిక్ ట్యాంకుకు నీటిమట్టం ఎట్లా చూడాలి?

నర్సంపేట దగ్గర మా ఊళ్లో చెరువు కట్ట కింద ఇల్లు కడుతున్నాం. మేస్త్రీ ఏమో పది అడుగుల గుంత తీసి రింగులు దింపుదాం, అడుగున కాంక్రీట్ ఎందుకు, దండగ అంటున్నాడు. నాకు అక్కడే టెన్షన్. పక్కింటి చేదబావిలో ఎండాకాలం నీళ్లు అడుగంటుతాయి, చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే మాత్రం చెంబుతో ముంచుకోవచ్చు. బావి రాళ్ల మీద పాకుడు చార పైవరుస దాకా ఉంది. వాళ్లు తాగేది ఆ నీళ్లే.

ట్యాంకు నీళ్లు భూమిలోకి ఇంకే గుంత అడుగుకూ భూమిలోని నీటిమట్టానికీ మధ్య 2 మీటర్లు, తాగునీటి బావికి 18 మీటర్ల దూరం ఉండాలంటారు. దూరం సరిపోతుంది, లోతే కుదిరేలా లేదు.

మే నెలలో గుంత తీసి చూస్తే పొడిగానే ఉంటుంది, దాన్ని ఎట్లా నమ్మాలి? బావి చారనే లెక్కలోకి తీసుకోవచ్చా, వానలు ముగిసేదాకా ఆగాలా? పైన నల్లరేగడి, కింద మొరం. నీళ్లు పోసి ఇంకే వేగం చూడాలంటే ఏ పొరలో చూడాలి? రేగడిని ముందురోజే నానబెట్టాలా? ట్యాంకును అడుగుతో సహా గట్టిగా కట్టి, బయటికొచ్చే నీళ్లను నేలకన్నా ఎత్తులో ఇసుక, కంకర పోసిన దిబ్బలోకి వదిలినవాళ్లు ఎవరైనా ఉన్నారా?