బొమ్మలో పేదవాడు ఊరికే కూర్చుంటేనే అందమా?

నేలచూపు:
ప్రకృతి దృశ్యం బొమ్మలో ఎలా ఉంటే అందమో రాసిన ఇంగ్లిషు రచయిత విలియం గిల్పిన్ 1786లో వచ్చిన పుస్తకంలో చెప్పిన మాట వారం రోజులుగా నన్ను వదలడం లేదు. నీతి దృష్టితో చూస్తే కష్టపడేవాడే మెచ్చదగినవాడు, కానీ దృశ్యంలో మాత్రం పనీపాటా లేకుండా కూర్చున్న పల్లెటూరివాడే నప్పుతాడని దాని సారాంశం. ఆయన పుస్తకాలు చదివి ఇంగ్లండ్, వేల్స్ సరిహద్దులోని వై నది మీద రాస్ ఊరి నుంచి చెప్‌స్టో ఊరి దాకా పడవల్లో విహరించింది తీరికా డబ్బూ ఉన్న ఇంగ్లిషువాళ్లు. వాళ్ల తీరికనే బొమ్మలోని పేదవాడికీ అంటగట్టారంటాను. మీరేమంటారు?

రాగిరేకు:
ఒప్పుకోలేనండి. గిల్పిన్ పుస్తకాల్లోని బొమ్మలు ఆక్వాటింట్ పద్ధతిలో వేసినవి. అది కూడా ఎచింగే, అంటే లోహపు రేకును ఆమ్లంతో కొరికించి దానితో బొమ్మ అచ్చువేయడం. రేకు మీద గుగ్గిలం పొడి చల్లి, వేడికి అంటుకున్నాక ఆమ్లంలో ముంచుతారు. కొండలూ మంచూ నీళ్లూ ఆ మెత్తని నీడల్లో చక్కగా పలుకుతాయి. మనుషులు చుక్కల్లా మిగిలిపోతే తప్పు మనసుది కాదు, పద్ధతిది. పైగా వై నది ఒడ్డునున్న టింటర్న్ మఠం శిథిలాల్లో బిచ్చమెత్తుకునేవాళ్ల గురించి గిల్పినే రాశాడు కదా?

నేలచూపు:
రాశాడండీ, నా బాధ అక్కడే. సన్యాసుల గ్రంథాలయం చూపిస్తానని, నడవలేని ఒక ఆడమనిషి ఆయన్ని తీసుకెళ్లింది. తీరా చూస్తే అది ఆమె తలదాచుకునే గది. తడిసిన గోడలు, పడుకోవడానికి నాసిరకం పక్క. 1782లో వచ్చిన వై నది పుస్తకంలో ఇదంతా మాటల్లో ఉంది. ఆ గది బొమ్మ మాత్రం లేదు.

పద్ధతే కారణమైతే ఇంగ్లిషు చిత్రకారుడు టర్నర్ పనిచేసే మనుషుల్ని ఎలా చూపించాడు? ఆయన లీబర్ స్టూడియోరం అనే అచ్చుబొమ్మల వరుసలో (1807–1819, అచ్చయినవి 71 ఫలకాలు) 1812 నాటి 'హెడ్జింగ్ అండ్ డిచింగ్' (కంచె కత్తిరించడం, కాలువ తవ్వడం) చూడండి. టర్నరే గీతలు ఎచింగ్ చేశాడు, నీడలు మెజోటింట్‌వి, అంటే రేకంతా గరుకు చేసి, వెలుగు కావలసినచోట నున్నగా గీకి తెచ్చినవి. మోడువారిన చెట్టు, గుంటలో దిగి పనిచేస్తున్న మనుషులు, పక్కనుంచి వెళ్తున్న ఆడమనిషి. అందులో విశ్రాంతి ఎక్కడా లేదు.

గాలం:
అదే వరుసలో 1811 నాటి 'యంగ్ ఆంగ్లర్స్' కూడా ఉందండి. నీటిగుంట దగ్గర గాలాలేసుకునే పిల్లలు. ఆ ఆట వాళ్లకు ఎవరో అంటగట్టిందా? పేదింటి పిల్లాడు కాసేపు చేపలు పట్టుకుంటే దాన్నీ అనుమానించాలా?

నేలచూపు:
అక్కర్లేదు. 'అంటగట్టారు' అన్న మాట ఆ పిల్లలకు వర్తించదు, వెనక్కి తీసుకుంటున్నాను. వాళ్లు మనవైపు చూడరు, వాళ్ల చూపంతా నీళ్ల మీదే. గిల్పిన్ కోరుకున్న పల్లెటూరివాడి విషయంలో మాత్రం నా మాట మారదు.