కూతురో భార్యో కాకుండా దేశాన్ని ఏలిన మహిళలు ఎలా పైకొచ్చారు?

కిటికీసీటు:

కొన్నాళ్లుగా గత వందేళ్ల రాజకీయ చరిత్ర చదువుతున్నాను, ఒక చోట ఆగిపోయాను. ప్రపంచంలో మొట్టమొదటి మహిళా ప్రధాని 1960లో శ్రీలంకలో (అప్పటికి సిలోన్) సిరిమావో బండారనాయకే. తర్వాత 1966లో ఇందిర, 1988లో పాకిస్తాన్‌లో బేనజీర్ భుట్టో, 1991లో బంగ్లాదేశ్‌లో ఖలీదా జియా, 1996లో అక్కడే షేక్ హసీనా. ఆడపిల్లని బడికి పంపడానికే గొడవపడాల్సిన దక్షిణాసియాలో ఇంతమంది! అమెరికాలో చూస్తే ఇప్పటిదాకా ఒక్క మహిళ కూడా అధ్యక్షురాలు కాలేదు. 2016లో హిల్లరీ క్లింటన్‌కి దేశం మొత్తమ్మీద 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువొచ్చి కూడా ఓడిపోయారు.

ఎవరినడిగినా ఒకటే జవాబు, "వాళ్లంతా ఎవరో ఒకరి కూతురో భార్యో కదా" అని. అది తెలుసు. కానీ ఆ కుటుంబాల్లో మగవాళ్లు లేరా, పార్టీల్లో సీనియర్లు లేరా? వాళ్లందర్నీ పక్కనపెట్టి ఈవిడ్నే ఎందుకు ముందుకు తెచ్చారు? కుటుంబం పేరు లేకుండా వచ్చినవాళ్లు ఏ దారిన వచ్చారు? పేర్ల జాబితా వద్దండీ, అది నాకూ దొరుకుతుంది. కారణాలు కావాలి.

పాతపేపర్:

కిటికీసీటు గారూ, మంచి ప్రశ్న. "కూతురో భార్యో" అనేది సగం జవాబే. మిగతా సగం ఏంటంటే, పార్టీ పెద్దలు ఒకరినొకరు నమ్మకపోవడం. తమలో ఎవడు కుర్చీ ఎక్కినా మిగతావాళ్లకి ముప్పు కాబట్టి, అందరికీ చెప్పినట్టు వినే మనిషి కావాలి. ఆ పెద్దల దృష్టిలో ఆడమనిషి అంటే చెప్పినట్టు వినేదే. అక్కడే దెబ్బ తిన్నారు.

ఇందిర విషయమే తీసుకోండి. 1966 జనవరిలో తాష్కెంట్‌లో శాస్త్రి గారు పోయారు. కామరాజ్, నిజలింగప్ప, అతుల్య ఘోష్, ఎస్.కె. పాటిల్, మన సంజీవరెడ్డి గారు, వీళ్లందర్నీ కలిపి సిండికేట్ అనేవారు. వీళ్ల టెన్షన్ అంతా మొరార్జీ దేశాయ్ గురించే, ఆయనొస్తే ఎవరి మాటా వినడు. ఏడాదిలో ఎన్నికలు, నెహ్రూ కూతురైతే జనానికి మొహం తెలుసు, వెనకనించి మనం నడుపుకోవచ్చు అని లెక్క వేసుకున్నారు. పార్లమెంటరీ పార్టీ ఓటింగ్‌లో ఆవిడకి 355, మొరార్జీకి 169. ఆ రోజుల్లో లోహియా ఆవిడ్ని "గూంగీ గుడియా" (మూగబొమ్మ) అన్నాడు.

ఆ తర్వాత జరిగింది చూడండి. 1969 జులైలో మొరార్జీ చేతిలోంచి ఆర్థికశాఖ తీసేసుకుంది, కొన్ని రోజుల్లోనే 14 బ్యాంకుల్ని జాతీయం చేసింది, రాష్ట్రపతి ఎన్నికలో పార్టీ అధికారికంగా నిలబెట్టిన సంజీవరెడ్డి గారు ఓడిపోయి వి.వి. గిరి గెలిచేలా చూసింది. నవంబర్‌లో సిండికేట్ ఆవిడ్ని పార్టీలోంచి వెలివేస్తే పార్టీయే రెండు ముక్కలైంది, 1971 ఎన్నికల్లో ఆవిడ వైపు 352 సీట్లు. తెచ్చి కూర్చోబెట్టినవాళ్ల రాజకీయం దాదాపు అక్కడితో సరి. (ఎమర్జెన్సీ గురించి మొదలుపెడితే ఈ థ్రెడ్ వారం నడుస్తుంది, వదిలేస్తున్నా.)

సిరిమావో కథా ఇంచుమించు ఇంతే. 1959 సెప్టెంబర్‌లో ప్రధానిగా ఉన్న భర్తని కాల్చి చంపారు, పార్టీ చెల్లాచెదురైంది. 1960 మార్చి ఎన్నికల్లో ఆ పార్టీకి 46 సీట్లు. అప్పుడొచ్చిన ప్రత్యర్థి పార్టీ ప్రభుత్వం నిలబడక జులైలో మళ్లీ ఎన్నికలొస్తే ఆవిడ నాయకత్వంలో 75 వచ్చాయి. తాను మాత్రం పోటీ చేయలేదు, సెనేట్ ద్వారా ప్రధాని అయింది. వంటింట్లోంచి వచ్చినావిడ ఎన్నాళ్లుంటుందిలే అనుకున్నవాళ్లు చాలామందే. ఆవిడ బడుల్ని ప్రభుత్వం చేతికి తెచ్చింది, చమురు వ్యాపారాన్ని విదేశీ కంపెనీల నుంచి లాక్కుంది, 1962లో సైనికాధికారుల కుట్ర నుంచి బయటపడింది. సింహళాన్ని ఏకైక అధికార భాషగా గట్టిగా అమలు చేసి తమిళుల్ని దూరం చేసుకున్నదీ ఆవిడే, అది కూడా చెప్పుకోవాలి.

ఇక మగ వారసులు ఏమయ్యారు అన్నారు. చాలాచోట్ల మిగల్లేదండీ! హసీనా తండ్రినీ తల్లినీ ముగ్గురు తమ్ముళ్లనీ 1975 ఆగస్టులో ఒకే రోజు చంపేశారు, విదేశంలో ఉండబట్టి ఆవిడా చెల్లెలూ బతికారు. బేనజీర్‌కి ఇద్దరు తమ్ముళ్లున్నారు, కానీ తండ్రిని 1979లో ఉరితీశాక వాళ్లు దేశం బయట ఉండి ఆయుధాల దారి పట్టారు. జైల్లోనూ గృహనిర్బంధంలోనూ మగ్గుతూ పార్టీని పట్టుకుని ఉన్నది బేనజీరే. అంటే పేరు తండ్రిదే, జైలు మాత్రం సొంతది.

మూడోబెంచీ:

పైన చెప్పింది బాగుంది కానీ ఒకటి మర్చిపోతున్నారు, పద్ధతి. ప్రధాని పదవికి దేశమంతా మీ పేరు మీద ఓటెయ్యక్కర్లేదు, ముందు పార్టీలో ఎంపీలని గెలిస్తే చాలు. బ్రిటన్‌లో థాచర్ అలాగే వచ్చింది. తండ్రి గ్రంథమ్ అనే చిన్న ఊళ్లో కిరాణా కొట్టు నడిపేవాడు, ఈవిడ కెమిస్ట్రీ చదివింది. 1975లో టోరీ (కన్సర్వేటివ్ పార్టీ) ఎంపీలు తమ నాయకుడు ఎడ్వర్డ్ హీత్‌తో విసిగిపోయి ఉన్నారు, ఆయన మీద నిలబడే ధైర్యం పెద్ద తలకాయలెవరికీ లేకపోయింది. ఈవిడ నిలబడింది. మొదటి రౌండ్‌లో 130, హీత్‌కి 119, ఆయన వెంటనే తప్పుకున్నాడు. నాలుగేళ్లకి ప్రధాని. 1990లో ఆవిడ్ని దింపిందీ ఓటర్లు కాదు, అదే పార్టీ ఎంపీలు.

మెర్కెల్ ఇంకా విచిత్రం. తూర్పు జర్మనీలో పెరిగిన ఫిజిక్స్ డాక్టరేట్, 35 ఏళ్లు వచ్చేదాకా రాజకీయాల జోలికి పోలేదు. అప్పటి ఛాన్సలర్ (అంటే అక్కడి ప్రధాని) హెల్ముట్ కోల్ మంత్రిని చేశాడు, అందరూ "కోల్ గారి పిల్ల" అనేవారు. 1999లో పార్టీ విరాళాల కుంభకోణం బయటపడ్డాక, మగ సీనియర్లందరూ నోరు మూసుకుని కూర్చుంటే ఈవిడ పేపర్లో వ్యాసం రాసి, ఇక కోల్ లేకుండా పార్టీ నడవడం నేర్చుకోవాలని తేల్చేసింది. 2000లో పార్టీ అధ్యక్షురాలు, 2005లో ఛాన్సలర్, 16 ఏళ్లు. ఇద్దరిలోనూ ఉన్నది ఒకటే, పార్టీ గడ్డుకాలంలో ఉన్నప్పుడు మిగతావాళ్లు వెనకాడితే వీళ్లు ముందడుగు వేశారు.

అమెరికాలో ఆ సందు లేదు. ప్రైమరీలు (పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నికలు) గెలవాలి, దానికి డబ్బు కావాలి, తర్వాత దేశమంతా ఒక మనిషిని చూసి ఓటెయ్యాలి.

చినుకు:

@మూడోబెంచీ, అధ్యక్ష పద్ధతి వల్లే అంటే నేను ఒప్పుకోను. లాటిన్ అమెరికా మొత్తం అధ్యక్ష పద్ధతే. 2006లో చిలీలో మిషెల్ బాషెలే గెలిచింది. తండ్రి వైమానిక దళ జనరల్, సైనిక నియంత పినోచె కాలంలో చిత్రహింసల పాలై 1974లో జైల్లోనే చనిపోయాడు, ఈవిడా తల్లీ కూడా నిర్బంధంలో ఉండి వచ్చారు. ఆవిడ 2002లో రక్షణ మంత్రి అయ్యి, తన తండ్రిని చంపిన సైన్యంతోనే పనిచేసి చూపించింది, జనం అది చూశారు. బ్రెజిల్‌లో దిల్మా రూసెఫ్ ఒకప్పటి గెరిల్లా. 2024లో మెక్సికోలో క్లాడియా షేన్‌బామ్, ఆవిడ మీద పోటీ చేసిన ప్రధాన ప్రత్యర్థి కూడా మహిళే. మెక్సికోలో ఆడవాళ్లకి జాతీయ ఎన్నికల్లో ఓటుహక్కే 1953లో వచ్చింది.

మరి అక్కడ మారిందేంటంటే చట్టం. అభ్యర్థుల్లో 30 శాతం మహిళలు ఉండాలని అర్జెంటీనా 1991లో చట్టం చేసింది, తర్వాత ఒక్కో దేశం అదే దారి పట్టింది, మెక్సికో 2014లో ఏకంగా సగం సగం అని రాజ్యాంగంలో రాసుకుంది. పార్లమెంటులో పాతికేళ్లు వరసగా మహిళలు కనబడుతూ ఉంటే, గవర్నర్లూ మేయర్లూ మంత్రులూ అక్కణ్ణించే వస్తారు, పైకుర్చీకి పేర్లు కూడా అక్కడే తయారవుతాయి.

ఐస్‌లాండ్‌లో అయితే చట్టం కన్నా ముందు రోడ్డు. 1975 అక్టోబర్ 24న అక్కడి ఆడవాళ్లలో దాదాపు 90 శాతం మంది ఆఫీసు పనీ ఇంటి పనీ రెండూ మానేశారు. ఫ్యాక్టరీలు ఆగాయి, బడులు మూతపడ్డాయి, తండ్రులు పిల్లల్ని ఆఫీసులకి వెంటబెట్టుకుని వెళ్లారు. ఐదేళ్లకి విగ్దిస్ ఫిన్‌బొగదోత్తిర్ ముగ్గురు మగవాళ్ల మీద పోటీచేసి స్వల్ప తేడాతో గెలిచింది. ప్రజల ఓటుతో దేశాధ్యక్షురాలైన మొదటి మహిళ ఆవిడే. విడాకులు తీసుకుని, ఒక పాపని దత్తత తీసుకుని ఒంటరిగా పెంచుకుంటున్న మనిషి. 16 ఏళ్లు ఉంది.

లెక్కలమాస్టారు:

చిన్న సవరణ. మొదటి మహిళా "ప్రధాని" సిరిమావోనే, కానీ రాచరికం కాకుండా దేశాధినేత స్థానంలో కూర్చున్న మొదటి మహిళ అంటే 1940లో తువా అనే చిన్న దేశంలో ఖెర్తెక్ అంచిమా. ఆ దేశాన్ని 1944లో సోవియట్ యూనియన్ కలిపేసుకుంది, అందుకే ఎవరికీ గుర్తులేదు. అధ్యక్షురాలు అనే పదవిలో మొదటి మహిళ 1974లో అర్జెంటీనాలో ఇసాబెల్ పెరోన్, భర్త చనిపోతే ఉపాధ్యక్ష పదవి నుంచి పైకొచ్చింది, 1976లో సైన్యం దింపేసింది.

నిద్రపట్టనివాడు:

అందరూ ఎలా ఎక్కారు అనే మాట్లాడుతున్నారు, ఎక్కాక మిగతా ఆడవాళ్లకి ఒరిగిందేంటో ఎవరూ చెప్పట్లేదు. థాచర్ పదకొండేళ్లు ఉంది, ఆ మొత్తం కాలంలో ఆవిడ కాకుండా కేబినెట్లో కూర్చున్న మహిళ ఒక్కరే, బారోనెస్ యంగ్, అదీ రెండేళ్ల లోపే. శ్రీలంక మొదటి మహిళా ప్రధానిని ఇచ్చింది, సిరిమావో కూతురు చంద్రిక అధ్యక్షురాలైంది, తల్లి మళ్లీ ప్రధాని అయింది, ఇంత జరిగినా దశాబ్దాల తరబడి ఆ పార్లమెంటులో మహిళలు ఐదారు శాతం దాటలేదు. 2024లో 225 మందిలో 21 మంది వస్తే అదే రికార్డు! నార్వేలో ప్రధాని బ్రంట్‌లాండ్ 1986లో తనతో కలిపి 18 మంది కేబినెట్లో 8 మంది మహిళల్ని పెట్టింది, ఆ తర్వాత అక్కడ తక్కువ పెట్టాలంటే వచ్చేవాళ్లకి సిగ్గు. తేడా అదీ.

ఇంకోటి, మహిళ కాబట్టి మెత్తగా పాలిస్తుందని ఎవరైనా అనుకుంటే హసీనా పాలన చివరి రోజులు చూడండి. 2024 ఆగస్టులో విద్యార్థుల మీద అంత కాల్పులు జరిగాక హెలికాప్టర్ ఎక్కి వెళ్లిపోవాల్సి వచ్చింది.

చినుకు:

@నిద్రపట్టనివాడు హసీనా గురించి మీరన్నది నిజమే, కానీ మగ నియంత దిగిపోయినప్పుడు మగవాళ్లు పాలనకి పనికిరారని ఎవరూ రాయరు కదా. అది కూడా కొంచెం ఆలోచించండి.

ఇంకో సంగతి, అంతా మునిగిపోయాక మహిళకి పగ్గాలివ్వడం కూడా ఒక అలవాటే. కెనడాలో 1993లో జనం అధికార పార్టీ మీద మండిపోతున్నప్పుడు కిమ్ క్యాంప్‌బెల్‌ని ప్రధానిని చేశారు, నాలుగు నెలలకే ఎన్నికలు, ఆ పార్టీకి మిగిలింది 2 సీట్లు. ఆవిడ సొంత సీటు కూడా పోయింది. బ్రిటన్‌లో బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావడం) రెఫరెండం పెట్టినాయన వెళ్లిపోయాక థెరిసా మే వచ్చింది, ఐస్‌లాండ్‌లో బ్యాంకులు కూలాక 2009లో యోహన్నా సిగుర్దార్‌దోత్తిర్ వచ్చింది. యోహన్నా మాత్రం నిలదొక్కుకుని నాలుగేళ్లు నడిపింది.

కిటికీసీటు:

చాలా థాంక్సండీ, ముఖ్యంగా సిండికేట్ సంగతికీ బేనజీర్ తమ్ముళ్ల సంగతికీ. మరి మన దగ్గర రాష్ట్రాల్లో? జయలలిత, మాయావతి, మమత వీళ్లు కూతురో భార్యో కాదు కదా. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

పాతపేపర్:

జయలలిత కథ మీ ప్రశ్నకి సరిగ్గా సరిపోతుంది. 1987 డిసెంబర్‌లో ఎంజీఆర్ పోయాక ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చున్నది ఆయన భార్య జానకి. నెల తిరక్కుండానే ప్రభుత్వం పోయింది, పార్టీ రెండుగా చీలింది. 1989 ఎన్నికల్లో జయలలిత వర్గానికి 27 సీట్లు, జానకి వర్గానికి 2. భార్య అన్న అర్హత ఒక్కటే చాలేట్టయితే ఆ ఫలితం తిరగబడాలి. అప్పటికి జయలలిత పార్టీ ప్రచార కార్యదర్శిగా ఊళ్లు తిరిగింది, రాజ్యసభలో కూర్చుంది, ఎంజీఆర్ అంతిమయాత్రలో బండి మీదనించి నెట్టేస్తే జనం కళ్లారా చూశారు. జానకికి రాజకీయం మీద ఇష్టమే లేదు పాపం, ఆ ఎన్నికల తర్వాత తప్పుకుంది.

మాయావతిది పూర్తిగా వేరే దారి. సివిల్స్‌కి చదువుకుంటున్న టీచర్‌ని కాన్షీరాం రాజకీయాల్లోకి లాక్కొచ్చాడు, 1995లో దేశంలోనే మొదటి దళిత మహిళా ముఖ్యమంత్రి. మొదటి మూడుసార్లూ బీజేపీ మద్దతు మీద ఆధారపడ్డ ప్రభుత్వాలే, 2007లో మాత్రం 403లో 206 సీట్లతో సొంత బలం. అక్కడ వంశం పనిచేయలేదు, ఏళ్ల తరబడి కట్టిన కేడర్ పనిచేసింది. మమత 1984లో జాదవ్‌పూర్‌లో సోమనాథ్ చటర్జీ అంతటివాణ్ని ఓడించింది, 1998లో సొంత పార్టీ పెట్టింది, 2011లో 34 ఏళ్ల లెఫ్ట్ పాలనని దింపింది, మధ్యలో ఎన్నిసార్లు దెబ్బలు తిన్నదో లెక్కలేదు.

నిద్రపట్టనివాడు:

మాయావతి, మమత ఇద్దరి పార్టీల్లోనూ తర్వాత ఎవరు అనగానే మేనల్లుడి పేరే వినిపిస్తుంది, మేనకోడలిది కాదు. అది కూడా రాసుకోండి.