అమెరికాలో భార్యాభర్తల టీమ్ ట్రక్కింగ్: యాభై దాటాక మొదలుపెట్టొచ్చా?

కొత్తదారి (ప్రశ్న)

నాకు 52, మా ఆవిడకి 49. పిల్లలు కాలేజీలకి వెళ్ళిపోయారు. ఇద్దరం సిటిజన్లమే. ఆఫీసు ఉద్యోగాలు మానేసి, క్లాస్ ఏ సీడీఎల్ (ట్రెయిలరున్న పెద్ద ట్రక్కులు నడిపే కమర్షియల్ లైసెన్సు) తీసుకుని ఒకే ట్రక్కు మీద తిరుగుదామనుకుంటున్నాం. నేను బీపీ మాత్ర వేసుకుంటాను. ఇద్దరికీ ఆటోమేటిక్ కారు తప్ప ఇంకేమీ నడిపిన అలవాటు లేదు. లైసెన్సు పనులు ఏ వరసలో చేసుకోవాలి? ఒకరు నడుపుతుంటే ఇంకొకరికి నిజంగా నిద్ర పడుతుందా? మొదట్లోనే సొంత ట్రక్కు కొనడం మేలా?

పద్దెనిమిది చక్రాలు

స్కూలుకి డబ్బు కట్టకముందే డీవోటీ ఫిజికల్ (ట్రక్కు డ్రైవర్లకి రవాణా శాఖ పెట్టిన ఆరోగ్య పరీక్ష) చేయించుకోండి. బీపీ 140/90 లోపుంటే మెడికల్ కార్డు రెండేళ్ళకి ఇవ్వొచ్చు. మాత్ర వాడేవాళ్ళకి, అదుపులో ఉన్నా, ఏడాదికే ఇచ్చే డాక్టర్లు చాలామంది. 140 నుంచి 159 మధ్య ఉంటే ఏడాదే. 160 దాటితే మూడు నెలల గడువిచ్చి తగ్గించుకు రమ్మంటారు. 180/110 దగ్గర కార్డు రాదు. గురక గట్టిగా ఉంటే స్లీప్ స్టడీ కూడా అడగొచ్చు, ఆ రిపోర్టు వచ్చేదాకా మిగతా పనంతా ఆగిపోతుంది.

ఆ తర్వాత పర్మిట్, అంటే నేర్చుకునేవాళ్ళ లైసెన్సు. జనరల్ నాలెడ్జ్, ఎయిర్ బ్రేకులు, కాంబినేషన్ (ట్రెయిలర్ తగిలించిన బండి), మూడు రాతపరీక్షలు. పర్మిట్ చేతికొచ్చాక కనీసం 14 రోజులు గడిస్తేగానీ డ్రైవింగ్ పరీక్షకి కూర్చోనివ్వరు. 2022 ఫిబ్రవరి 7 నుంచి ఫెడరల్ రిజిస్ట్రీలో ఉన్న స్కూల్లోనే శిక్షణ పొందాలి. థియరీలో 80 శాతం రావాలి. స్టీరింగ్ దగ్గర ఇన్ని గంటలు గడపాలని మాత్రం ఫెడరల్ రూల్ ఏదీ లేదు. స్కూళ్ళ మధ్య తేడా అక్కడే వస్తుంది. 'కోర్సు ఎన్ని వారాలు' అని కాదు, 'ఒక్కొక్కరు సొంతంగా ఎన్ని గంటలు నడుపుతారు' అని అడగండి. వెనకసీట్లో కూర్చుని చూసిన గంటలు లెక్కలోకి తీసుకోకండి.

ఆటోమేటిక్ ట్రక్కులో పరీక్ష ఇస్తే లైసెన్సు మీద మాన్యువల్ నడపకూడదనే ఆంక్ష పడుతుంది. ఇప్పుడు పెద్ద కంపెనీల బళ్ళు చాలావరకు ఆటోమేటిక్కులే కాబట్టి దానికి బెంగపడక్కర్లేదు.

డ్రైవింగ్ పరీక్షలో చాలామంది బోల్తాపడేది ప్రీట్రిప్‌లో (బయల్దేరే ముందు బండిని తనిఖీ చేసి చూపించడం), అందులోనూ ఎయిర్ బ్రేకుల చెక్‌లో. ఇంజిను ఆపి, కీ మళ్ళీ ఆన్ చేసి, బ్రేకులు వదిలి చూస్తే గాలి ఒత్తిడి నిమిషానికి 3 పీఎస్ఐ కన్నా ఎక్కువ పడకూడదు. పెడల్ తొక్కి పట్టుకుంటే 4 దాటకూడదు. తర్వాత పెడల్ పదే పదే తొక్కి గాలి దించుతుంటే, 55కి దిగేలోపు హెచ్చరిక మోగాలి. 45కీ 20కీ మధ్య ఎక్కడో పార్కింగ్ బ్రేకు నాబ్‌లు బయటికి తన్నుకురావాలి. కంగారులో కీ ఆన్ చేయడం మరిచిపోతారు, హెచ్చరిక మోగదు, పరీక్ష అక్కడితో సరి. చక్రాలకి చాక్ (కదలకుండా ఆపే దిమ్మ) పెట్టకుండా ఇది మొదలెట్టకండి.

ఇంకొక సంగతి. లైసెన్సు వచ్చాక కంపెనీ ట్రెయినర్ కొన్ని వారాలు మీతోపాటే ట్రక్కులో తిరుగుతారు. మామూలు స్లీపర్‌లో (సీట్ల వెనక పడుకునే చోటు) పడకలు రెండే. ట్రెయినర్‌కి ఒకటి పోతే మీ ఇద్దరికీ మిగిలేది ఒకటి, అందుకే చాలాచోట్ల శిక్షణ వారాల్లో భార్యాభర్తల్ని వేర్వేరు ట్రక్కులెక్కిస్తారు. మీ ఆవిడకి మహిళా ట్రెయినర్ దొరుకుతుందా, ఎన్నాళ్ళు ఆగాలి అన్నది చేరకముందే తేల్చుకోండి.

రాత్రి షిఫ్టు

నా దృష్టిలో మీ రెండో ప్రశ్నే అసలు ప్రశ్న. టీములు విడిపోయేది నిద్ర చాలకే.

రూలు ప్రకారం ఒక్కొక్కరికీ పని మొదలెట్టాక 14 గంటల లోపల 11 గంటలు డ్రైవింగ్, ఆ తర్వాత 10 గంటలు విశ్రాంతి. ఆ పదిలో 7 గంటలు వరసగా స్లీపర్‌లో ఉంటే, దానికి ముందో వెనకో 3 గంటల దాకా పక్కసీట్లో కూర్చున్నా చెల్లుతుంది. ఈ వెసులుబాటు లేకపోతే మనుషులు పిచ్చెక్కిపోతారు.

రాత్రంతా ఒకరి మీదే వేయకండి. తెల్లవారుజామున మూడు నుంచి మధ్యాహ్నం మూడు ఒకరికి, మిగతాది ఇంకొకరికి అని పంచుకుంటే ఇద్దరికీ కొంత చీకటి నిద్ర దొరుకుతుంది. ఒకసారి పెట్టుకున్న వేళలు లోడ్ కోసం మార్చుకోవద్దు. మార్చిన ప్రతిసారీ శరీరం కుదురుకోవడానికి రెండు మూడు రోజులు పడుతుంది.

బండి కదులుతున్నప్పుడు పడుకున్నవాళ్ళు స్లీపర్‌లోని పట్టీలో, వలలో ఉండాల్సిందే. సడన్ బ్రేకు పడితే లోపలున్న మనిషి ఎగిరి డాష్‌బోర్డు దాకా వస్తారు. అందుకే నడిపేవాళ్ళ పనితనం పడుకున్నవాళ్ళ నిద్రలో తెలుస్తుంది: ముందు బండికి ఏడెనిమిది సెకన్ల దూరం, మెత్తని బ్రేకు, ర్యాంపుల మీద రాసినదానికన్నా తక్కువ వేగం. అలిగి పక్కగదిలోకి వెళ్ళడానికి పక్కగది ఉండదని కూడా గుర్తుంచుకోండి.

సీటు మారగానే ఈఎల్డీలో (నడిపిన గంటలు రాసుకునే ఎలక్ట్రానిక్ పరికరం) డ్రైవర్‌ని మార్చండి. మరిచిపోతే ఒకరి గంటలు ఇంకొకరి ఖాతాలో పడతాయి. ఇద్దరూ కో-డ్రైవర్లుగా లాగిన్ అయి ఉంటే సరిచేసుకునే వీలుంది, ఆ లాగిన్ లేకపోతే తలనొప్పే.

లెక్కలమనిషి

సొంత ట్రక్కు మొదటి ఏడాది వద్దు. లీజ్-పర్చేజ్ (కంపెనీ బండిని అద్దెకి తీసుకుని కిస్తీల మీద సొంతం చేసుకోవడం) అయితే అసలే వద్దు. బండి షెడ్డులో ఉన్నా వారం వారం కిస్తీ కోసుకుంటారు.

వారానికి 5,000 మైళ్ళు, ఏడాదికి 50 వారాలు అనుకోండి: 2,50,000 మైళ్ళు. ఒంటరి డ్రైవర్ రెండేళ్ళలో అరగదీసేది మీరు ఏడాదిలో అరగదీస్తారు. ఆయిల్ 40,000 మైళ్ళకోసారి అన్నా ఏడాదికి ఆరుసార్లు. గాలన్‌కి 6.5 మైళ్ళ చొప్పున వారానికి సుమారు 770 గాలన్ల డీజిల్. వారంటీ కూడా మైళ్ళ లెక్కే కాబట్టి అదీ సగం కాలంలో అయిపోతుంది.

గంటల లెక్క కూడా చూడండి. ఎనిమిది రోజులకి తలా 70 గంటలు. రోజుకి 11 చొప్పున ఆరు రోజులు చేస్తే 66, ఏడోరోజుకి మిగిలేది నాలుగే. ఆ పైన 34 గంటలు ఆగితే గడియారం మళ్ళీ మొదటికొస్తుంది. ఆ 34 గంటలు ఇంటి దగ్గరా, ఏదో ట్రక్‌స్టాప్‌లోనా అన్నది డిస్పాచర్‌తో (లోడ్లు పంచిపెట్టే కంపెనీ మనిషి) ముందే మాట్లాడుకోవాలి.

పర్ డియెమ్ (పన్ను పడని రోజువారీ భత్యం) పేరుతో జీతంలో కొంత విడదీసి ఇస్తామంటారు. చేతికి కాస్త ఎక్కువొస్తుంది, కానీ సోషల్ సెక్యూరిటీ లెక్కలోకి వెళ్ళే జీతం తగ్గుతుంది. రిటైర్మెంటుకి ఇంత దగ్గరలో ఉన్నవాళ్ళు ఆలోచించి ఒప్పుకోవాలి.

కొత్తదారి

'టీమ్‌కి మైలుకి 80 సెంట్లు' అంటే ఒక్కొక్కరికి 80 అనా?

లెక్కలమనిషి

కాదండీ, బండికి 80. ఇద్దరూ పంచుకుంటే తలా 40, ఎవరు నడిపినా బండి కదిలిన ప్రతి మైలుకీ. ఖాళీ ట్రెయిలర్ మైళ్ళకీ అదే రేటా, సరుకు ఎక్కించే, దించే డాక్ దగ్గర ఎన్ని గంటలు దాటాక డిటెన్షన్ (ఆగినందుకు డబ్బు) ఇస్తారు, మైళ్ళు నడిచిన దారి లెక్కా పుస్తకం లెక్కా (ఊరికీ ఊరికీ మధ్య ముందే రాసిపెట్టిన దూరాలు) అన్నవి కాగితం మీద రాయించుకోండి. పుస్తకం లెక్కయితే నడిచినవాటిలో కొన్ని మైళ్ళకి డబ్బు రాదు.

పద్దెనిమిది చక్రాలు

స్కూలు ఫీజు కంపెనీ కడితే, మధ్యలో మానేసినప్పుడు ఎంత తిరిగి కట్టాలో ఇద్దరి కాంట్రాక్టులూ విడివిడిగా చదవండి. ఒకరు మానేస్తే రెండోవాళ్ళ సంగతేమిటన్నది చాలా కాంట్రాక్టుల్లో ఉండదు, అడిగి రాయించుకోవాలి. హజ్మత్ (ప్రమాదకర సరుకు), డబుల్స్ (రెండు ట్రెయిలర్లు) ఎండార్స్‌మెంట్లు, అంటే లైసెన్సు మీద అదనపు అనుమతులు, కూడా తీసుకోండి, టీములకి ఇచ్చే మంచి లోడ్లు కొన్ని వాటి మీదే ఉంటాయి. హజ్మత్‌కి వేలిముద్రలూ బ్యాక్‌గ్రౌండ్ చెక్కూ ఉంటాయి కాబట్టి ఆ దరఖాస్తు ముందే పెట్టేయండి.