హెలికాప్టర్ పైలట్ కావాలంటే నేవీయా, సొంత డబ్బుతో లైసెన్సా?

గాజువాక నాన్న:
మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. నేవీ డే నాడు ఆర్కే బీచ్‌లో, నీళ్ల మీద కదలకుండా నిలబడ్డ హెలికాప్టర్‌ని చూసింది. అప్పటి నుంచి అదే ధ్యాస. పొలం అమ్మి కమర్షియల్ లైసెన్సు చేయించమని బావమరిది అంటాడు. నేవీకి పంపమని మా అన్నయ్య. తెలిసినవాళ్లు చెప్పండి.

డేగా రిటైర్డ్:
నేవీయే అండి. విశాఖలోని నేవీ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగాలో హెలికాప్టర్ల మెయింటెనెన్స్ చేసి రిటైరయ్యాను. అరక్కోణంలోని నేవీ స్థావరం ఐఎన్‌ఎస్ రాజాళిలో జీతమిచ్చి మరీ నేర్పిస్తారు. ఇంటర్‌తోనే ఎన్‌డీఏ (త్రివిధ దళాలకు ఆఫీసర్లను తయారుచేసే అకాడమీ) ప్రవేశపరీక్ష రాయొచ్చు, 2022 నుంచి అమ్మాయిల్నీ చేర్చుకుంటున్నారు. ఊగుతున్న ఓడ డెక్ మీద రాత్రిపూట దిగడం డబ్బు కట్టే ఏ స్కూలు నేర్పుతుంది? పొలం జోలికి వెళ్లకండి.

ఎంవీపీ కాలనీ పైలట్:
అంకుల్ చెప్పింది నిజమే, కానీ సగమే. షార్ట్ సర్వీస్‌లో, అంటే కొన్నేళ్లకే పరిమితమైన నేవీ ఆఫీసర్ ఉద్యోగంలో, పైలట్‌గా వెళ్లాలంటే డిగ్రీ, ఆపైన ఆఫీసర్ల ఎంపిక ఇంటర్వ్యూ (ఎస్‌ఎస్‌బీ), పైలట్ ఆప్టిట్యూడ్ టెస్ట్. ఆ టెస్ట్ జీవితంలో ఒక్కసారే, పోతే మళ్లీ రాయనివ్వరు. అన్నీ దాటినా హెలికాప్టరా, విమానమా అన్నది మన ఇష్టం కాదు.

సివిల్‌లో అయితే 18 ఏళ్లు నిండాలి, ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. క్లాస్ 1 మెడికల్ (కమర్షియల్ పైలట్లకు కావలసిన ఆరోగ్య పరీక్ష), విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే పేపర్లలో 70 శాతం చొప్పున మార్కులు, రేడియో లైసెన్సు, 150 గంటల ఫ్లయింగ్. విమానానికి 200 గంటలు కదా, ఇది చవక అనుకోకండి. హెలికాప్టర్ గంట ఖరీదు చాలా ఎక్కువ. ఇక్కడ స్కూళ్లు తక్కువని చాలామంది అమెరికా వెళ్తారు, తిరిగొచ్చాక ఆ లైసెన్సును మన దగ్గర మార్చుకోవడానికి మళ్లీ పరీక్షలు.

నేను రాబిన్సన్ ఆర్22 అనే చిన్న హెలికాప్టర్ మీద నేర్చుకున్నాను. ఎడమ చేతిలో పైకీ కిందికీ నడిపే కలెక్టివ్, కుడి చేతిలో ముందుకూ పక్కలకూ నడిపే సైక్లిక్, కాళ్ల కింద ముక్కు తిప్పే పెడల్స్. ఒకటి కదిపితే మిగతా రెండూ సర్దాలి. మొదటి వారం పది సెకన్లు కూడా ఒకచోట నిలపలేకపోయాను. ఆటోరొటేషన్, అంటే ఇంజిన్ ఆగినా గాలికి తిరిగే రోటర్‌తో దిగడం, నేర్పే క్లాసులో ఇన్‌స్ట్రక్టర్ ఉన్నట్టుండి థ్రాటిల్ తగ్గించేవారు. ఇంజిన్ ఆగినట్టే. కలెక్టివ్‌ని ఆ క్షణమే కిందికి దించాలి. ఆలస్యం చేస్తే రోటర్ వేగం పడిపోతుంది, ఇక తిరిగి రాదు. ఆ పాఠం తర్వాత చాలా రోజులు నిద్రలో కూడా నా ఎడమ చెయ్యి కిందికి వెళ్లేదట, అమ్మ చెప్పేది.

మర్రిపాలెం అక్క:
ఏ దారైనా సరే, డబ్బు కట్టే ముందు మెడికల్ చేయించండి అన్నయ్యా. మా తమ్ముడి కొడుకు ఒక ఫ్లయింగ్ స్కూల్లో మొదటి వాయిదా కట్టాక మెడికల్‌కి వెళ్లాడు. రంగు చుక్కల పుస్తకంలో అంకెలు కనిపించలేదు. వాడికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదని ఇంట్లో ఎవరికీ అప్పటిదాకా తెలియదు. అడ్మిషన్ రోజున ఆ స్కూలువాళ్లు మాటమాత్రం చెప్పలేదు. కట్టిన డబ్బూ వెనక్కి రాలేదు.

డేగా రిటైర్డ్:
అక్కగారి మాట ముందు రాసుకోండి. కానీ బాబూ, 150 గంటల పిల్లకి సముద్రం మధ్యలో చమురు రిగ్‌కి వెళ్లే హెలికాప్టర్ ఎవరిస్తారు? సర్వీసు చేసి వచ్చినవాళ్లనే చూస్తారు.

ఎంవీపీ కాలనీ పైలట్:
కాదనను అంకుల్. లైసెన్సు చేతికొచ్చాక కో-పైలట్ సీటు కోసం రెండున్నరేళ్లు తిరిగాను. ఆ రోజుల్లో ఇంట్లో ముఖం చూపించలేకపోయేవాణ్ని. కాకపోతే నేవీ వాళ్లకైనా సివిల్ లైసెన్సు దానంతటది రాదు, విడిగా తీసుకోవాలి. నా మాటైతే ఇదీ: ముందు ఎన్‌డీఏ, ఆ తర్వాత డిగ్రీ చేసి షార్ట్ సర్వీస్ ప్రయత్నించనివ్వండి. రెండూ కుదరకపోతే అప్పుడు పొలం గురించి కూర్చుని మాట్లాడుకోండి. ఒక్క టెస్ట్ పోయిందని పిల్ల ఎగరడమే మానేయాలంటే మాత్రం నేను ఒప్పుకోను.

గాజువాక నాన్న:
నిన్న సాయంత్రం కళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. రంగు చుక్కల పుస్తకం మొత్తం గడగడా చదివేసింది. నాకే చేతులు వణికాయి. వచ్చే నెల క్లాస్ 2 మెడికల్, అది అయ్యాక క్లాస్ 1. ఎన్‌డీఏ పాత పేపర్లు అడిగింది, కొనిచ్చాను. బావమరిదికి పొలం మాట ఇప్పుడు ఎత్తొద్దని చెప్పేశాను.