తరగతిలో మాట వినని డాక్స్‌హండ్: కొనసాగించాలా, మాన్పించాలా?

బంటి వాళ్లమ్మ, కూకట్‌పల్లి:
మా బంటి 14 నెలల డాక్స్‌హండ్ జాతి కుక్క, బరువు 8 కిలోలు. పాలబ్బాయి మొదలుకొని గ్యాస్ బండ తెచ్చే ఆయన వరకు గుమ్మంలోకి ఎవరు వచ్చినా తోక ఆడించుకుంటూ ఎదురు వెళ్తాడు. ఐదు వారాలుగా ప్రతి ఆదివారం ఉదయం 6:30 గంటలకు వాడిని శిక్షణ తరగతికి తీసుకెళ్తున్నాను. ఇంట్లో కూర్చోమంటే కూర్చుంటాడు, పడుకోమంటే పడుకుంటాడు. అక్కడ గేటు దాటగానే నా మాట చెవిన పెట్టడు. పక్కనున్న ల్యాబ్రడార్ దగ్గరికి పోవాలని లాగుతాడు, పోనివ్వకపోతే నాలుగు కాళ్లూ నేలకు తన్నిపెట్టి మొండికేస్తాడు. పడుకోమన్నప్పుడు నా ముఖంలోకి చూస్తూ నడుము సగం వంచి, మళ్లీ లేచి నిలబడతాడు. మెడ గొలుసును ఒక్కసారి గట్టిగా గుంజితే దారికి వస్తాడని శిక్షకుడు చెప్పారు. పోయిన వారం అలాగే చేస్తే వాడు కుయ్యిమని అరిచి, ఇంటికి చేరేదాకా నా వైపు చూడలేదు. ఇంకా మూడు వారాల తరగతులు మిగిలి ఉన్నాయి. కొనసాగించడం మంచిదేనా?

సుధాకర్, కాకినాడ:
మా ఇంట్లో 11 ఏళ్లుగా డాక్స్‌హండ్‌లు ఉన్నాయి కాబట్టి చెబుతున్నాను, ముందు ఆ మెడ గొలుసు తీసి పక్కన పెట్టండి. పొడవాటి వీపు, పొట్టి కాళ్లు ఉన్న ఈ జాతిలో వెన్నుపూసల మధ్య డిస్కులు దెబ్బతినడం ఎక్కువ, పైగా మెడ కూడా వెన్నులో భాగమే. ఛాతీకి వేసే హార్నెస్ వాడండి, సోఫా మీద నుంచి దూకనివ్వకండి.

మొండితనం అంటున్నారు గానీ, ఈ జాతిని జర్మనీలో పెంచిందే బ్యాడ్జర్ అనే జంతువును దాని బొరియలోకి దూరి వేటాడడానికి. జర్మన్ భాషలో ‘డాక్స్’ అంటే బ్యాడ్జర్, ‘హుండ్’ అంటే కుక్క. నేల కింద చీకట్లో, యజమాని గొంతు అందని చోట, ముందుకు పోవాలో వెనక్కి తగ్గాలో తనే తేల్చుకోవలసిన కుక్క అది. అటువంటిది మన ప్రతి మాటకూ వెంటనే తల ఊపదు.

ఇంకొక సంగతి గమనించండి. పొద్దున్న 6:30కి గడ్డి మీద మంచు ఉంటుంది. బంటి పొట్ట నేలకు జానెడు ఎత్తులో కూడా ఉండదు, దాని మీద వెంట్రుకలూ పలచనే. నడుము సగం వంచి లేస్తున్నాడంటే మాట అర్థమైంది, పొట్టకు తడి తగులుతోంది అని నాకు అనిపిస్తోంది. ఒక పాత తువ్వాలు పరిచి అడిగి చూడండి.

పద్మజ, విశాఖపట్నం:
సుధాకర్ గారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. బంటికి ల్యాబ్రడార్‌ను పలకరించడమే ఉడికించిన చికెన్ ముక్క కంటే ఇష్టమైతే, ఆ పలకరింపునే బహుమానంగా ఇవ్వండి. ఎక్కువ ఇష్టమైన పనిని తక్కువ ఇష్టమైన పనికి ప్రతిఫలంగా వాడవచ్చునని అమెరికన్ మనస్తత్వవేత్త డేవిడ్ ప్రీమాక్ 1959లోనే వివరించారు, శిక్షకులు దీనినే ప్రీమాక్ సూత్రం అంటారు.

పేరు పెట్టి పిలిస్తే మీ వైపు తిరిగి చూడగలిగేంత దూరం ఏదో ముందు కనిపెట్టండి. అది 15 అడుగులు కావచ్చు, 40 అడుగులూ కావచ్చు. అక్కడ నిలబడి ఒక్కసారే కూర్చోమనండి. కూర్చున్న మరుక్షణం ‘వెళ్లు’ అని, అవతలి యజమాని అనుమతితో, పట్టీ వదులుగా పట్టుకుని పలకరింపుకు తీసుకెళ్లండి. పట్టీ బిగిస్తే ఆగిపోండి, వదులైతే నడవండి. నాలుగైదు సెకన్లు కాగానే వెనక్కి పిలిచి, శనగబద్దంత ముక్క పెట్టండి. తరగతి మానవద్దు, ఎందుకంటే ఇన్ని కుక్కల నడుమ సాధన చేసే వీలు ఇంట్లో దొరకదు. మైదానం అంచున చోటు అడగండి. అయినా గొలుసు గుంజమనే పట్టుబడితే మాత్రం మరో శిక్షకుడిని చూసుకోవడమే మేలు.

యాదగిరి, నల్గొండ:
ఇంట్లో అందరూ ఒకే మాట వాడుతున్నారో లేదో కూడా చూసుకోండి. మా అమ్మ ‘కూసో’ అనేది, పిల్లలు ‘సిట్’ అనేవారు, నేను ‘కూర్చో, కూర్చో’ అని నాలుగుసార్లు అనేవాడిని. మా కుక్క నాలుగోసారికే కూర్చోవడం నేర్చుకుంది. మాటను ఒకటికి తెచ్చి, ఒక్కసారే చెప్పడం అలవాటు చేసుకున్నాక నెల రోజుల్లో మార్పు కనిపించింది.

బంటి వాళ్లమ్మ, కూకట్‌పల్లి:
అందరికీ ధన్యవాదాలు. నిన్న హార్నెస్ వేసి, తువ్వాలు తీసుకెళ్లాను. దానిని గడ్డి మీద పరిచి పడుకోమనగానే బంటి ఒక్క క్షణం వాసన చూసి, పొట్ట ఆనించి పడుకున్నాడు. ఇన్నాళ్లూ చలికి ఓర్వలేకపోయిన వాడిని మొండివాడని గుంజినందుకు బాధ వేసింది. ల్యాబ్రడార్ వాళ్లు సంతోషంగా ఒప్పుకున్నారు. 30 అడుగుల దూరంలో ఆరుసార్లు అడిగితే నాలుగుసార్లు కూర్చున్నాడు. గేటు దగ్గర మాత్రం ఇంకా లాగుతూనే ఉన్నాడు. వచ్చే ఆదివారం పావుగంట ముందే వెళ్లి, మిగతా కుక్కలు రాకముందే అక్కడ నడిపించాలనుకుంటున్నాను.