ఉల్లి, వెల్లుల్లి, గుడ్డు ముట్టని స్నేహితురాలితో ఇటాలియన్ రెస్టారెంట్‌కి: ఏం చెప్పించాలి?

మల్కాజిగిరి టీచర్:

నమస్కారం. వచ్చే శనివారం రాత్రి మేము ఐదుగురు స్నేహితురాళ్ళం సైనిక్‌పురిలో ఒక చిన్న ఇటాలియన్ రెస్టారెంట్‌లో కలుస్తున్నాం. 1991లో కోఠీ ఉమెన్స్ కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం. ఏడాదికోసారి ఎవరో ఒకరింట్లో కలవడం అలవాటు. కానీ ఎవరింట్లో కలిస్తే ఆవిడ వంటింట్లోంచి బయటికి రాదు. పోయినేడాది మా ఇంట్లో. నేను గారెలు వేస్తుంటే హాల్లోంచి ఒకటే నవ్వులు. దేనికి నవ్వారో నాకు ఇప్పటికీ తెలియదు. అందుకే ఈసారి బయటే అని పట్టుబట్టాను.

అది పాత ఇంటి కింది వాటా, ఏడే బల్లలు. భార్యాభర్తలు నడుపుతారు. ఆయన పొయ్యి దగ్గర, ఆవిడ బల్లల దగ్గర. ఆ రోజు ఏమున్నాయో నల్లబల్ల మీద సుద్దముక్కతో రాస్తారు. ఒకసారి మా వారితో వెళ్ళాను, నచ్చింది.

ఇక నా టెన్షన్. మాలో ఒకావిడ వైష్ణవుల ఇంటి పిల్ల. ఉల్లి, వెల్లుల్లి, గుడ్డు పుట్టి బుద్ధెరిగి తినలేదు. మూడేళ్ళ కింద ఒక పెద్ద రెస్టారెంట్‌లో తిరమిసు అనే ఇటాలియన్ స్వీటు తెప్పించాం. "వెజ్జేనా బాబూ?" అంటే "వెజ్జే మేడం" అన్నాడు. సగం తిన్నాక, పక్క బల్లవాళ్ళకి ఇంకో అబ్బాయి అందులో గుడ్డు సొన ఉంటుందని చెప్తుంటే విన్నాం. తను చెంచా పక్కన పెట్టేసింది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. మర్నాడు ఫోన్ చేస్తే ఉపవాసం ఉన్నానంది. తిరమిసు తెమ్మన్నది నేను. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఈసారి కూడా "నాకో సలాడ్ చాల్లేవే" అంటోంది. నాకది ఇష్టం లేదు. మాతోపాటు తనూ వేడివేడిగా, కడుపునిండా, అనుమానం లేకుండా తినాలి. ఏం చెప్పించమంటారు? ఎంత ముందు చెప్పాలి? అంత చిన్న చోట ఇన్ని అడిగితే వాళ్ళని ఇబ్బంది పెట్టినట్టవుతుందా?

కొంపల్లి వంటవాడు:

అక్కా, ఇటాలియన్ వంటింట్లో తొమ్మిదేళ్ళుగా పని చేస్తున్నాను. ముందుగా అడిగితే మాకు ఇబ్బందేం లేదు. వచ్చి కూర్చున్నాక అడిగితేనే ఇబ్బంది. ఎందుకంటే టమాటా సాస్ పొద్దున్నే పెద్ద గిన్నెలో ఉల్లి, వెల్లుల్లి వేయించి చేసి పెట్టుకుంటాం. రాత్రి ఎనిమిదింటికి వెల్లుల్లి వద్దంటే అందులోంచి ఎలా తీస్తాం? ముందురోజు సాయంత్రం నాలుగు, ఐదు మధ్య ఫోన్ చేయండి. మధ్యాహ్నం బేరం అయిపోయి, రాత్రి బేరం ఇంకా మొదలుకాని సమయం అది. మీ మాట నింపాదిగా వింటారు.

వెల్లుల్లి కంటే నాకు చీజ్ గురించే ఎక్కువ భయం. పాలు విరిచి గడ్డ కట్టించడానికి రెన్నెట్ వేస్తారు. అసలైన పార్మిజానో రెజ్జానోకి (మనం పార్మెసాన్ అని తురుముకునే చీజ్) దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్టే వాడాలని అక్కడి నియమం. గ్రానా పదానోకీ దూడదే, పెకొరీనో రొమానోకి గొర్రెపిల్లది. ఈ సంగతి వడ్డించే పిల్లలకి తెలియకపోవచ్చు, పాపం అబద్ధం చెప్పాలని చెప్పరు. మన దేశంలో తయారయ్యే మొజరెల్లాకి చాలావరకు జంతువులది కాని రెన్నెట్టే వాడతారు. అయినా ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూపించమని అడగండి. మొహమాటపడకండి.

స్పగెట్టీ, పెన్నె లాంటి ఎండు పాస్తా అంటే మామూలుగా గోధుమ రవ్వ, నీళ్ళు, అంతే. అప్పటికప్పుడు చేతితో చేసిన పాస్తాలో చాలావరకు గుడ్డు పడుతుంది. న్యోకీ అనే బంగాళాదుంప ఉండల్లో కొందరు వేస్తారు. రిసొట్టో అనే అన్నం వంటకం అయితే చికెన్ ఉడికించిన నీళ్ళు పోశారేమో కనుక్కోండి. పెస్తో అనే బేసిల్ ఆకు పచ్చడిలో వెల్లుల్లీ, ఆ పార్మిజానో లాంటి చీజూ రెండూ ఉంటాయి. పన్నకోట అనే మీగడ స్వీటు పాలకోవంత సాధువుగా కనిపిస్తుంది కానీ, మామూలుగా గట్టిపడేది జెలటిన్‌తోనే, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది.

తూరిన్ నుంచి తిరిగొచ్చినవాడు:

టీచర్ గారూ, ఇటలీలోని తూరిన్‌లో రెండేళ్ళు చదువుకున్నాను. మీ స్నేహితురాలి కోసం మార్గరీటా పిజ్జాలోంచి ఏదీ తీసేయమనక్కర్లేదు. ఈ పిజ్జాకి పేరున్న ఇటలీ ఊరు నేపుల్స్ పద్ధతిలో తొక్క తీసిన టమాటాలు నలిపి, ఉప్పు కలిపి, ఉడికించకుండానే రొట్టె మీద పూస్తారు. పైన మొజరెల్లా, బేసిల్ ఆకు, ఆలివ్ నూనె. వెల్లుల్లి పడేది మారినారా పిజ్జాలో. కాబట్టి "ఆ గిన్నెలో సాస్ వద్దు, నేపుల్స్ వాళ్ళలా టమాటా నలిపి వేయండి" అంటే చాలు. వండే ఆయనకి మీ మాట సంతోషం కలిగిస్తుంది కూడా. ఆ పిజ్జా చేసేవాళ్ళ పనితనాన్నే 2017లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇంకొకటి, తన పిజ్జా అందరికంటే ముందు వేయించండి. ఆ రాత్రికి మొదటిదైతే పిండి చేసే బల్లకీ, కోసే చక్రానికీ ఇంకేమీ అంటి ఉండదు. నేపుల్స్ కట్టెల పొయ్యిలో 60 నుంచి 90 సెకన్లలో కాలిపోతుంది. ఇక్కడి చిన్న కరెంటు పొయ్యిల్లో ఇంకా ఎక్కువసేపు పడుతుంది. ఐదూ ఒకేసారి చెప్పకండి, రెండేసి తెప్పించుకుని పంచుకోండి. ఇటలీలో ఎవరి పిజ్జా వాళ్ళదే, కానీ మీరు కలిసేది మాట్లాడుకోవడానికి కదా.

అంబర్‌పేట పెద్దాయన:

అమ్మా, ఇంత తంటా ఎందుకు? మంచి ఉడిపి హోటల్‌కి వెళ్తే ఆ తల్లి నిశ్చింతగా తింటుంది కదా. సరే, ఎక్కడికి వెళ్ళినా బిల్లు చూసుకోండి. జీఎస్టీ 5 శాతం మామూలే. సర్వీస్ చార్జి వాళ్ళంతట వాళ్ళు కలపకూడదని 2022లో వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది, 2025లో ఢిల్లీ హైకోర్టు దాన్నే ఖాయం చేసింది.

మల్కాజిగిరి టీచర్:

బాబాయ్ గారూ, మీరన్నది నాకూ తోచింది. కానీ ఇటాలియన్ అన్నది తనే. వాళ్ళబ్బాయి మిలాన్‌లో చదువుతున్నాడు. వాడు రోజూ చూసే తిండి ఎలా ఉంటుందో ఒక్కసారి తిని చూడాలని ఉందే అంది. ఆ మాటన్నాక ఉడిపికి ఎలా తీసుకెళ్ళను?

మల్కాజిగిరి టీచర్ (సోమవారం):

వెళ్ళొచ్చాం. శుక్రవారం నాలుగున్నరకి ఫోన్ చేశాను. ఆ ఇంటావిడ అన్నీ ఒక కాగితం మీద రాసుకుని, పైన తురిమే చీజ్ ప్యాకెట్ తీసి చూసి, "దీనిమీద ఆకుపచ్చ చుక్క లేదండీ, మీ బల్లకి ఇది వాడం" అంది. నేను అడగకముందే వేరే పెనం పెడతానంది.

శనివారం అందరికంటే ముందు తన మార్గరీటా వచ్చింది. ఆయనే తెచ్చి, ఏమేం వేశారో ఒక్కొక్కటీ చెప్పి పెట్టారు. తను మొదటి ముక్క తిని, "టమాటా పచ్చివాసన లేదే, తియ్యగా ఉంది" అంది. తర్వాత టమాటా, బేసిల్ మాత్రమే నూనెలో మగ్గించిన స్పగెట్టీ. ఫోర్కుకి చుట్టడం రాక నలుగురం అవస్థ పడుతుంటే, తను వాళ్ళబ్బాయి వీడియోలో నేర్పించాడని మాకు చేసి చూపించింది. ఆఖర్న ఐస్‌క్రీమ్ డబ్బా తెప్పించుకుని చుక్క చూసుకుంది, దాని మీద వేడి కాఫీ పోసే అఫొగాటో తిన్నది. ఫిల్టర్ కాఫీ పోస్తే ఇంకా బాగుండేదట. నాకూ అలాగే అనిపించింది.

పదిన్నర దాకా కూర్చున్నాం. ఈ మూడు గంటలూ నేను ఒక్కసారి కూడా లేవలేదు. పోయినేడాది దేనికి నవ్వారే అని అడిగాను. ఎవరికీ గుర్తు లేదు.

కొంపల్లి తమ్ముడూ, చాలా సహాయం చేశావు. పక్క బల్ల మీద లజాన్యా (పాస్తా రేకులు పొరలుగా పేర్చి కాల్చేది) చూసి తనకి తినాలని ఉందట. కుదురుతుందా?

కొంపల్లి వంటవాడు:

కుదురుతుందక్కా. గుడ్డు లేని ఎండు లజాన్యా రేకులు ప్యాకెట్లలో దొరుకుతాయి. తెల్ల సాస్ అంటే వెన్న, మైదా, పాలు, కాస్త జాజికాయ, అందులో ఉల్లి రాదు. టమాటా సాస్ మాత్రం విడిగా చేయాలి, పొయ్యిలోనే అరగంట పైన పడుతుంది. అందుకని రెండు రోజుల ముందు చెప్పండి.